పన్నెండు పచ్చకోట్లు

నసీమా గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. సగం చేట అయింది. రాయి, వడ్లగింజ, మట్టిబెడ్డ దేనికది వేరుచేసి పక్కన పెడుతోంది. వాళ్లమ్మ కమ్రున్నీసా అయితే చేటను మూడుసార్లు చెరిగి, దొరికిన రాళ్లు తీసేసి, దొరకనివాటిని అల్లాకు వదిలేస్తుంది. నసీమా ఏరిన రోజునే ఆ ఇంట్లో అందరూ ధైర్యంగా నములుతారు.

ఆ కన్నే ఆమెకు ఈ బొమ్మల పని తెచ్చిపెట్టింది. ఆమె వెనక పొడవాటి పలకబండ మీద పన్నెండు మంది రౌతులు వరుసగా నిలబడి ఆరుతున్నారు. ఒక్కొక్కరు బొటనవేలంత ఉండే ప్లాస్టిక్ బొమ్మలు. నీలం తలపాగా, నడుముకు ఎర్ర దట్టీ, పైకెత్తిన కత్తి, పసుపురంగు కోటు. వాళ్ల గుర్రాలు పక్కన ఇంకో బండ మీద, జీనులు ఖాళీగా పెట్టుకుని ఎదురుచూస్తున్నాయి.

ఈ రౌతులు హైదరాబాదు నుంచి వచ్చారు. పాతకాలం సైన్యాలను చిన్న బొమ్మలుగా చేసి మ్యూజియాలకు ఇచ్చే ఫర్హత్ అనే మనిషి పంపిన బొమ్మలివి. తర్లుపాడులో రిటైరైన సోషల్ టీచరు రాజరత్నం సారు ముత్తాత ఏదో చిన్న గుర్రాల పటాలంలో రౌతుగా పనిచేశాడు. ఆ పటాలం పేరు ఏ పుస్తకంలోనూ లేదని సారుకు ముప్ఫై ఏళ్లుగా మనసులో ముల్లు. ఆయన రాసీ రాసీ చివరికి ఫర్హత్‌ను ఒప్పించాడు. రంగులు వేయడానికి మార్కాపురంలోనే ఒక అమ్మాయి ఉందని, పలక చట్రాల మీద పూలు వేసేదని, ఒక్క రేకు కూడా పక్కకు పోదని కూడా ఆయనే రాశాడు.

ఫర్హత్ షరతు ఒక్కటే. డ్రెస్సు చరిత్రలో ఉన్నట్టే ఉండాలి. ఒక్క గుండీ తప్పినా బొమ్మ వెనక్కే. సరిగ్గా ఉంటే మాత్రం నసీమాకు ఏడాది పొడవునా పని, ఇంట్లోనే.

లేకపోతే గిద్దలూరు. అక్కడ గోవిందయ్య చీరల దుకాణంలో కౌంటరు మీద నిలబడేందుకు నసీమా సోమవారం చేరాలి. వాళ్ల నాయన వలి బాషా స్వయంగా గిద్దలూరు పోయి మాట ఇచ్చి వచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా మగవాళ్ల బట్టలు కుట్టే వలి బాషా ఫోనులో మాట ఇవ్వడు, ఫోనులో మాట వెనక్కి తీసుకోడు. ఏదైనా మనిషి మనిషికి ఎదురుగా నిలబడే జరగాలంటాడు. నసీమాకు రోజంతా నవ్వుతూ చీరలు విప్పి చూపించడం అంటే భయం. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రౌతులకు మాత్రం ప్రాణం పెట్టి రంగు వేసింది.

ఇవాళ శనివారం. సాయంత్రం నాలుగింటికి ఫర్హత్ రాక. మధ్యాహ్నానికి గుండీలు పెట్టేస్తే సరిపోతుంది. మనిషికి ఏడు చొప్పున ఎనభై నాలుగు చుక్కలు. అంతే పని.

బియ్యం చేట లోపల పెట్టి కుంచె తీసుకునేసరికి వాకిట్లో ఆటో ఆగింది. రాజరత్నం సారు భార్య జ్ఞానమ్మ మునక్కాయల కట్ట చంకన పెట్టుకుని దిగింది.

"ఏమ్మాయ్, సారు రౌతులేరీ? చూసిపోదామని వచ్చినా."

"రండత్తా. సారు రాలేదా?"

"దొనకొండ పోయినాడు. వాళ్ల మేనత్త కాడ ముత్తాత రాసిన పుస్తకముందంట. హైదరాబాదు సారుకు సాక్ష్యం చూపియ్యాలంట. తెల్లారకముందే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలెల్లినాడు, పెళ్లికొడుకు మాదిరి."

జ్ఞానమ్మ కళ్లద్దాలు పెట్టుకుని పలకబండ మీదికి వంగింది. చాలాసేపు చూసింది. ఆ తరువాత మునక్కాయల కట్టను నెమ్మదిగా కింద పెట్టింది.

"ఇదేందమ్మాయ్, పసుపు కొట్టినావు? సారు నీకు పచ్చ అని గదా చెప్పినాడు?"

"పచ్చే కదత్తా ఇది."

"ఇది పసుపు! పచ్చ అంటే ఆకు. చెట్టు. చేను."

కుట్టు మిషను మీద నుంచి వలి బాషా తల తిప్పాడు. "అదేంది చెల్లెమ్మా, పచ్చ అంటే పసుపే గదా. గడపకు పూసేది పచ్చ కాదా?"

"మీకు మాకు పసుపే అన్నా, కాదన్లా. ఆయన చదివింది బాపట్లలో. రెండేళ్లు ఆ పక్క నీళ్లు తాగి వచ్చినాడు. అప్పటినుంచి ఆయనకు పచ్చ అంటే ఆకు. మొన్న పచ్చ కండువా తెమ్మంటే పసుపుది తెచ్చినా, వారం మాట్లాడలేదు."

ఈ అనుమానం నసీమాకు మొదటి రోజే వచ్చింది. సారు ఫోనులో పంపిన కాగితంలో 'కోటు పచ్చ' అని మాత్రమే ఉంది. "ఏ పచ్చ సార్?" అని అడిగితే "పచ్చ అంటే పచ్చే తల్లీ" అని జవాబు వచ్చింది. నమూనా కోసం అదనంగా పంపిన పదమూడో రౌతుకు ముఖం, తలపాగా, దట్టీ, గుండీలు అన్నీ వేసి, కోటు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడక అట్లాగే వదిలేసింది. ఆ తరువాత వలి బాషా "పసుపే బేటీ, అనుమానమెందుకు" అని తీర్పు చెప్పాడు. కోటు లేని ఆ రౌతు ఇప్పుడు దారపు ఉండల అలమరలో, గుర్రంతో సహా, ఒక అట్టపెట్టె మూత పడకుండా కాపలా కాస్తున్నాడు.

"సారుకే ఫోను చేద్దాం," అంది కమ్రున్నీసా వంటింట్లోంచి.

జ్ఞానమ్మ ఫోను చేసి స్పీకరు పెట్టింది. అవతల ఆటో హోరు, గాలి, ఎవరిదో మేక.

"సార్, నేను నసీమాను! కోట్లు పసుపు పచ్చా, చెట్ల పచ్చా?"

"ఆఁ? ... చెట్ల..." గరగరమంది ఫోను. "ఆ చెట్లే! ... చెట్లే అంటాంటే..."

ఫోను తెగిపోయింది. మళ్లీ చేస్తే అందుబాటులో లేడంది. దొనకొండ దారిలో సిగ్నలు ఉండదని అందరికీ తెలుసు.

"విన్యారా? చెట్లే అన్నాడు," అంది జ్ఞానమ్మ. "నేను కాబట్టి చూసినా. లేకపోతే సాయంత్రం ఏమయ్యేది?"

నసీమా ఉన్న ఆకుపచ్చ రంగు సీసా చూసింది. నాలుగు కోట్లకు వస్తుంది. మిగతాది పసుపులో నీలం కలిపి చేసుకోవాలి. పలక ముక్క మీద కలపడం మొదలుపెట్టింది. ఎంత జాగ్రత్తగా కలిపినా ఒక విడత వేపాకు, ఒక విడత అరిటాకు, ఒక విడత ఉడికిన గోంగూర వచ్చాయి. పన్నెండు మంది ఒకే పటాలం వాళ్లలా లేరు. పన్నెండు ఊళ్ల నుంచి ఒకే పెళ్లికి వచ్చినట్టున్నారు.

"ఆరేదెప్పుడు బేటీ? పదకొండయింది," అన్నాడు వలి బాషా.

"ఎండలో పెడితే గంటన్నర అబ్బా," అంది నసీమా తండ్రితో.

"ఇస్త్రీ పెట్టె ఉండంగ ఎండెందుకు?"

"వద్దబ్బా, వేడికి..."

"తాకిస్తానా ఏంది? పైన పట్టుకుంటా. సిల్కు చొక్కాకు పట్టినట్టు."

ఆయన నిజంగానే తాకించలేదు. సిల్కు చొక్కాకు పట్టినట్టే, వరుస పొడుగునా, ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరకు ఇస్త్రీ పెట్టెను గాలిలో నడిపించాడు. రంగు ఆరింది. కోట్లు చక్కగా బిగిశాయి. కత్తులు మాత్రం ఒక్కొక్కటిగా, ఏమీ తొందర లేకుండా, కిందికి వంగాయి. పన్నెండో కత్తి వంగేసరికి వలి బాషా పెట్టె పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

కమ్రున్నీసా వచ్చి చూసింది. "యా అల్లా! యుద్ధానికి ముందే లొంగిపోయినారా వీళ్లు?"

"సలాం చేస్తున్నారు," అన్నాడు వలి బాషా. "సైన్యంలో సలాం ఉండదా ఏంది?"

"మనిషికి ఇస్త్రీ చేసినాక ఇంక సలామే మిగిలేది."

నసీమా వేళ్లతో కత్తులు నిలబెట్టబోయింది. ఒకటి విరిగింది. మిగతావాటిని అట్లాగే వదిలేసి గుండీలు మొదలుపెట్టింది. పూత మీద పూత పడేసరికి గుండీల బుడిపెలు పూడిపోయాయి. కంటితో చూడడం కాదు, గుర్తుతో పెట్టాలి. భోజనానికి లేవకుండా పెట్టింది. రెండున్నరకు ఎనభై నాలుగో చుక్క పెట్టి నడుము ఎత్తింది.

అప్పుడే రాజరత్నం సారు వచ్చాడు. చంకలో ఎర్ర గుడ్డలో చుట్టిన పుస్తకం. ఇస్త్రీ చొక్కా దొనకొండ దుమ్ముతో అసలు రంగు మరిచిపోయింది.

"ఏరీ, నా ముత్తాత దండు ఏదీ?" అంటూ వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"బాగున్నాయా?" అంది జ్ఞానమ్మ గర్వంగా. "పొద్దున నేను చూసి మార్పించినా."

"ఈ ఆకుపచ్చ ఎవరు వేయమన్నారు?"

"నువ్వే."

"నేనా? పచ్చ కోటని రాసినా. పచ్చంటే పసుపు గదా!"

"బాపట్ల పచ్చ ఏమైంది మరి? కండువా సంగతేంది?"

"కండువా కండువానే! ఇది మా ముత్తాత రాసిన మాట. మా ముత్తాతేమన్నా బాపట్లలో చదివినాడా? ఆయనది ఈ ఊరి పచ్చ."

"ఫోనులో చెట్లే చెట్లే అని అరిచినావు గదయ్యా!"

సారు నొసలు పట్టుకున్నాడు. "ఆటోవాడితో అన్నా! ఆ వేపచెట్ల కాడ ఆపరా నాయనా, ఆ చెట్లే అంటాంటే, వాడు బడి దాటి పోయినాడు. కిలోమీటరు వెనక్కి నడిచినా."

వలి బాషా గొంతు సవరించుకుని, "నేను మొదలే పసుపన్నా," అన్నాడు. ఎవరూ మెచ్చుకోలేదు.

గంటన్నర టైముంది. నసీమా పసుపు సీసా మళ్లీ తెరిచింది. ఆకుపచ్చ మీద పసుపు వేస్తే కింది రంగు పైకి కనబడుతూనే ఉంది. రెండో పూత వేస్తే చిలకరంగు. మూడో పూత వేస్తే మామిడిపిందె. ఏడుగురికి వేసేసరికి కమ్రున్నీసా ఒక రౌతును గుర్రం మీద కూర్చోబెట్టబోయింది. కూర్చోలేదు. ఇంకొకడిని చూసింది. వాడూ కూర్చోలేదు. పొద్దున్నించి వేసిన రంగులన్నీ కలిసి రౌతులు లావెక్కిపోయారు. తొడలు జీనులో పట్టడం లేదు.

"ఒళ్లు పెరిగినప్పుడు కోటు వదులు చేయాల," అన్నాడు వలి బాషా. "బ్లేడు తెస్తా, నడుం కాడ కొంచెం గీకుదాం."

"అన్నా, నువ్వు మాత్రం ఇంకేమీ తేవాకన్నా," అంది జ్ఞానమ్మ.

ఆ మాటకు కమ్రున్నీసాకు నవ్వొచ్చింది, వలి బాషాకు కోపమొచ్చింది, సారుకు గుండెదడ వచ్చింది. నలుగురూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ గొడవలో, కాటను చీర కట్టుకుని చేతిసంచి తగిలించుకున్న ఒక పెద్దామె గడపలో నిలబడి ఉండడం వలి బాషా ఒక్కడే చూశాడు.

"బ్లౌజులు కుట్టం తల్లీ," అన్నాడు. "మగోళ్లవే."

"కూర్చోవచ్చునా కొంచెంసేపు? ఎండగా ఉంది."

"కూర్చో, కూర్చో. నీళ్లు ఇయ్యండ్రా ఎవరన్నా."

ఆమె స్టూలు మీద కూర్చుంది. నసీమా లేచి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె నీళ్లు తాగి పలకబండ వంక చూస్తూ కూర్చుంది.

"నాలుగు కాకముందే మిగిలిన అయిదూ అయిపోవాల," అంటున్నాడు సారు. "హైదరాబాదు సారు వచ్చేస్తాడు."

"వచ్చి ఏం చూస్తాడు?" అంది జ్ఞానమ్మ. "అయిదు ఆకుపచ్చ, ఏడు మామిడిపిందె. కత్తులేమో సలాము. గుర్రమేమో అక్కడ, మనిషేమో ఇక్కడ."

"ఆ సారుకేం చెప్పాల్నో నేను చెప్తా," అన్నాడు వలి బాషా. "ఫర్హత్ భాయ్, ఇట్ల కూర్చోండి, ముందు చాయ్ తాగండి అంటా. చాయ్ తాగినోడు కఠినంగా మాట్లాడలేడు."

"చాయ్ అయితే తాగుతాను," అంది స్టూలు మీది ఆమె. "ఫర్హత్ నేనే."

కమ్రున్నీసా చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పరుగెత్తింది.

రాజరత్నం సారు తన ఉత్తరాల్లో 'ఫర్హత్ సారు' అనే రాశాడు. ఆమె ఉత్తరాల కింద పేరు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. వలి బాషా అయితే ఆమెను చూడకుండా మిషను చక్రం తుడవడం మొదలుపెట్టాడు.

ఫర్హత్ ఒక్కొక్క రౌతునూ తీసి చూసింది. వంగిన కత్తి దగ్గర ఆగింది. "ఇదేమిటి?"

"సలాం చేస్తున్నారు మేడం," అన్నాడు వలి బాషా చక్రం వంకే చూస్తూ.

"ఎవరికి?"

"మీకే."

ఆమె నవ్వలేదు గాని మళ్లీ అడగలేదు. "పుస్తకం తెచ్చారా?"

రాజరత్నం సారు ఎర్రగుడ్డ మూటను రెండు చేతులా అందించాడు. ఆమె చేతుల మీదగానే తెరవాలని దారిలో తాను కూడా విప్పి చూడలేదు. కోటు సంగతి మేనత్త రెండు నెలల కిందట ఫోనులో చదివి వినిపిస్తే రాసుకున్నదే. మేనత్తకు ఎనభై రెండేళ్లు, ఒక కంటికి శుక్లం.

ఫర్హత్ సంచిలోంచి భూతద్దం తీసింది. కాగితాలు కందిపప్పు రంగుకు తిరిగాయి. పెన్సిలు రాత. వేలు పెట్టి ఒక లైను దగ్గర ఆగింది.

"మీరు పచ్చ అని చదివారా?"

"పచ్చే మేడం. ఏ పచ్చ అన్నదే..."

"పచ్చ కాదు. చ మీద గుడి ఉంది, వెలిసిపోయింది. పచ్చి. 'పచ్చి నూలు కోటు' అని ఉంది." ఆమె తలెత్తింది. "పచ్చి కోటు అంటే ఏమిటో నాకు తెలియదు."

జ్ఞానమ్మ, "పచ్చి ఏంది, ఉడకేసి తింటారా కోటును?" అంది.

మిషను చక్రం ఆగింది.

"ఉడకేయని గుడ్డ," అన్నాడు వలి బాషా. ఇప్పుడు ఆయన గొంతు వేరుగా ఉంది. "మగ్గం మీదినుంచి దిగింది దిగినట్టు ఉండే బట్ట. చలువ చేయరు, రంగు వేయరు. ఇప్పుడు కోరా అంటాం. మా అబ్బ కాలంలో పచ్చి నూలే అనేటోళ్లు. చౌక పటాలం గదా, రంగు ఖర్చు యాడ పెడతారు? తలపాగాకు, దట్టీకి రంగేసి, కోటు అట్లనే తొడిగిచ్చుంటారు."

"అంటే ఏ రంగు?"

"రంగు లేకపోవడమే మేడం. తెలుపు కాదు. నలుపు కాదు. గోధుమపిండి రంగు."

రాజరత్నం సారు ఆకుపచ్చ రౌతును ఒకదాన్ని, ఇంకా ఆరని మామిడిపిందె రౌతును ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని ఎప్పటినుంచి నిలబడి ఉన్నాడో ఆయనకే తెలియదు. రెండింటినీ ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో వలి బాషా వీపు మీద చరిచాడు. "బాషా! పుస్తకం ముందే నీకు చూపిచ్చింటే!"

"అడిగితే గదా సార్. దర్జీకి చదువేందని అనుకుంటిరి."

నసీమా లేచింది. అలమరలో అట్టపెట్టెకు కాపలా ఉన్న పదమూడో రౌతును గుర్రంతో సహా తెచ్చి ఫర్హత్ ముందు పెట్టింది. నీలం తలపాగా, ఎర్ర దట్టీ, ఏడు గుండీలు. కత్తి నిటారుగా ఉంది. జీనులో చక్కగా కుదిరి కూర్చున్నాడు. కోటుకు మొదటి పూత తప్ప ఏమీ లేదు. ఉత్త తెలుపు కళ్లకు కొడుతుందని ఆమె అందులో కాస్త గోధుమరంగు కలిపింది, అంతే.

ఫర్హత్ భూతద్దంతో చూసింది. గుండీలు లెక్కపెట్టింది. దట్టీ ముడి చూసింది. భూతద్దం లేకుండా ఇంకోసారి చూసింది.

"దీనికి కోటు రంగు ఎందుకు వేయలేదు?"

"ఏ పచ్చో తెలియలేదు మేడం," అంది నసీమా. ఇంకేదో చెప్పాలేమోనని ఆలోచించి, "తెలియనప్పుడు ఎట్ల వేయాల?" అంది.

ఫర్హత్ ఆ రౌతును చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఆ పన్నెండింటికీ రంగు కడిగేయి. కత్తులు కొత్తవి పంపిస్తాను. ఇంకో మూడు పటాలాలు ఉన్నాయి, ఏడాది పడుతుంది. ప్రతి దాంట్లోనూ ఇట్లాంటి మాట ఒకటి ఉంటుంది. తెలియనిచోట ఆపేసి నాకు ఫోను చెయ్యి. సరేనా?"

నసీమా తల ఊపింది.

"ఇస్త్రీ పెట్టె మాత్రం దూరంగా పెట్టు."

అప్పటికి కమ్రున్నీసా చాయ్ తెచ్చింది. అందరూ తాగారు. రాజరత్నం సారు ముత్తాత సంగతి మొదటినుంచి చెప్పడం ఆరంభించాడు. జ్ఞానమ్మ మునక్కాయలు ఫర్హత్ సంచిలో ఎట్లా పడతాయా అని కొలుస్తోంది. నసీమా మాత్రం నాయన వంక చూసింది.

వలి బాషా చాయ్ గ్లాసు మిషను మీద పెట్టాడు. కొక్కేనికి ఉన్న టోపీ తీసి పెట్టుకున్నాడు. అద్దంలో చూసుకుని కాలరు సరిచేసుకున్నాడు. ఆయన చొక్కా ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. దర్జీ ఒంటి మీద మరక ఉంటే గిరాకీ రాదంటాడు. అయిదున్నరకు గిద్దలూరు బస్సు ఉంది. అక్కడ గోవిందయ్య దుకాణం రాత్రి తొమ్మిదిదాకా తెరిచే ఉంటుంది. మాట వెనక్కి తీసుకోవాలంటే ఎదురుగా నిలబడే తీసుకోవాలి.

ఆయన గడప దాటి వీధిలోకి నడిచాడు. తెల్ల చొక్కా వీపు నడిమధ్య ఐదు వేళ్ల గుర్తు పచ్చగా మెరుస్తోంది.

ఏ పచ్చో ఈసారి ఎవరూ అడగలేదు.